రూపాయిలో పన్నెండో వంతు

ఉపనిషత్తుల మీద ఎవరు ఉపన్యాసం మొదలుపెట్టినా పది నిమిషాలు గడవకుండా షోపెన్‌హావర్ దిగుతాడు. అంతటి జర్మన్ తత్వవేత్త తన బతుక్కి ఉపనిషత్తులే ఊరట అన్నాడు, చావులోనూ అవే ఊరట అన్నాడు, ఇక కాదనడానికి మీరెవరు, అన్నది వరస. మన మిత్రులు దీనికి చెప్పే జవాబు కూడా నాకు కంఠతా వచ్చు. తెల్లవాడు మెచ్చుకున్నంత మాత్రాన ఒక మాట నిజమైపోదు అని. జవాబు సరైనదే. అయితే ఆ పక్షం వాళ్లూ ఈ పక్షం వాళ్లూ కూడా అడగని ప్రశ్న ఒకటుంది. 1814లో వైమర్ గ్రంథాలయం నుంచి షోపెన్‌హావర్ ఇంటికి తెచ్చుకున్న ఆ పుస్తకం ఏ భాషలో ఉంది? ఎవరు తయారు చేశారు?

డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. చదివింది బి.కాం. ఏ కాగితం చేతికొచ్చినా ఇది ఎవరి దగ్గర బయల్దేరింది, ఎన్ని చేతులు మారి నా బల్ల మీదికి వచ్చింది అని ముందు చూడటం నాకు ఉద్యోగం నేర్పిన బుద్ధి. షోపెన్‌హావర్ పుస్తకాన్ని అలా వెనక్కి తిప్పుకుంటూ పోతే ఒక విచిత్రమైన మనిషి తగిలాడు. అబ్రహాం యాసింత్ ఆంక్తీల్ దుపెరాన్. నోరు తిరగని పేరే. ఇక్కణ్ణుంచి ఆంక్తీల్ అంటాను.

1731లో పారిస్‌లో ఒక సుగంధ ద్రవ్యాల వ్యాపారి ఇంట్లో పుట్టాడు. పాదిరీ కావాలని మతశాస్త్రం చదివాడు. కాథలిక్కుల్లోనే జాన్సెనిస్టులని ఒక నిష్ఠాగరిష్ఠుల శాఖ ఉండేది, దాని నీడలో పెరిగాడు. బైబిలు కోసం హీబ్రూ నేర్చుకోబోయి, అక్కణ్ణుంచి అరబ్బీ, పర్షియన్ల వైపు మళ్లాడు. పాదిరీ కాలేదు కానీ ఆ నిష్ఠ మాత్రం చివరిదాకా వదల్లేదు.

1754లో ఎవరో ఆయనకు నాలుగు కాగితాలు చూపించారు. ఆక్స్‌ఫర్డ్‌లో 1723 నుంచీ పడి ఉన్న ఒక పార్సీ మత గ్రంథం నుంచి దించిన నకలు. యూరప్ మొత్తం మీద ఆ లిపిని చదివి అర్థం చెప్పగలవాడు లేడు. జరతుష్ట్రుడి గురించి గ్రీకులు ఏం రాశారు, రోమన్లు ఏం రాశారు అని సంపుటాలకు సంపుటాలు వచ్చాయి. ఆయన పేరు చెప్పుకునే జనం సూరత్‌లో బతికే ఉన్నారు, వాళ్ల పుస్తకాలూ ఉన్నాయి. వెళ్లి అడిగినవాడు లేడు. ఇరవై మూడు నిండని ఆంక్తీల్, నేను వెళ్తాను అన్నాడు.

ఓడ టిక్కెట్టుకు డబ్బులేవి? ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీలో మామూలు సిపాయిగా పేరు రాయించుకున్నాడు. 1754 నవంబరు 7న ఆ కొత్త సిపాయిల గుంపుతో పారిస్ నుంచి రేవుకు కాలినడకన బయల్దేరాడు. మూటలో రెండు చొక్కాలు, రెండు చేతిరుమాళ్లు, ఒక జత మేజోళ్లు. వాటితోపాటు హీబ్రూ బైబిలు, మాంటేన్ వ్యాసాలు, గణిత పరికరాల పెట్టె. సిపాయిల కిట్ లిస్టులు చూసి చూసి ఉన్నవాణ్ణి, ఇలాంటిది మాత్రం ఎప్పుడూ చూడలేదు. రేవు చేరేసరికి పారిస్‌లోని హితులు రాజుగారికి చెప్పి సిపాయి ఒప్పందం రద్దు చేయించారు, ఉచిత ప్రయాణమూ ఏడాదికి 500 లీవ్రుల భత్యమూ ఇప్పించారు. 1755 ఆగస్టులో పుదుచ్చేరిలో దిగాడు.

తర్వాతి మూడేళ్లు చెప్పాలంటే పెద్ద కథ. బెంగాల్‌లోని చందన్‌నగర్ వెళ్లాడు, జబ్బుపడ్డాడు. ఇంతలో ఇంగ్లీషు వాళ్లకూ ఫ్రెంచి వాళ్లకూ యుద్ధం వచ్చి 1757 మార్చిలో చందన్‌నగర్ క్లైవ్ చేతికి పోయింది. ఆంక్తీల్ బెంగాల్ నుంచి మళ్లీ పుదుచ్చేరికి నేల మీద ప్రయాణం కట్టాడు. బాలాసోర్, గంజాం దాటి మన ఉత్తర సర్కారుల తీరం వెంట దిగివచ్చాడు. అప్పుడా సర్కారులు నిజాం సలాబత్ జంగ్ ఇచ్చిన సనదు మీద బుస్సీ చేతిలో ఉన్నాయి. బొబ్బిలి యుద్ధం జరిగిందీ ఆ ఏడాదే. మనకు గుర్తున్న ఫ్రెంచివాడు ఫిరంగులు పట్టుకొచ్చిన బుస్సీ. వట్టి చేతుల్తో అదే దారిన నడిచిపోయిన ఈ కుర్రాడు మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా లేడు.

1758 మే 1న సూరత్ చేరాడు. దారాబ్, కావుస్ అనే ఇద్దరు పార్సీ పురోహితులు నేర్పడానికి ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారంటే పూర్తి మనసుతో కాదు. పరాయివాడికి పవిత్ర గ్రంథం అమ్మడం వాళ్లకు చిన్న విషయం కాదు కదా. మొదట ఒక ప్రతి ఇచ్చారు. ఆంక్తీల్ దాన్ని కళ్లకద్దుకుని కూర్చోలేదు. సూరత్ పార్సీల్లో అప్పుడు రెండు వర్గాలుండేవి, ఒకరంటే ఒకరికి పడేది కాదు. దారాబ్‌కు ఎదుటి వర్గంలో ఉన్న ప్రతిని డచ్చివాళ్ల కొఠీ ద్వారా అరువు తెప్పించి, రెంటినీ పక్కపక్కన పెట్టి మాటకు మాట సరిచూశాడు. మొదటి దాంట్లో కోతలున్నాయని తేలింది. ఆ సంగతి బయటపడ్డాక దారాబ్ కూడా దారికొచ్చి నిజంగా పాఠం చెప్పడం మొదలుపెట్టాడు.

నాకు ఈ మనిషి మీద గురి కుదిరింది ఇక్కడే. ఒకే లావాదేవీకి రెండు పుస్తకాలుంటే, అవీ ఒకరంటే ఒకరికి గిట్టని వాళ్ల దగ్గరుంటే, ఆడిటర్‌కు అంతకంటే కావలసిందేముంది!

గుణగణాల విషయానికొస్తే మంచి బాలుడేమీ కాదు. గర్విష్ఠి, తగాదాకోరు. సూరత్‌లోనే తోటి ఫ్రెంచివాడితో కత్తులు దూసుకుని అతన్ని చంపాడు, తనూ గాయపడి, తమ దేశానికి శత్రువులైన ఇంగ్లీషు వాళ్ల పంచన దాక్కున్నాడు. అయినా పని ఆపలేదు. 1759 నడిమికి వెందిదాద్ అనువాదం పూర్తయింది. ఆ తర్వాత కాశీకి వెళ్లి సంస్కృతం నేర్చుకుని వేదాల సంగతి కూడా చూడాలనుకున్నాడు. 1761 జనవరిలో పుదుచ్చేరి కూలింది, ఆ ఆశా కూలింది. ఇంగ్లీషు ఓడ మీదే తిరుగు ప్రయాణం. ఇంగ్లండులో దిగినవాడు తిన్నగా ఇంటికి పోలేదు, ఆక్స్‌ఫర్డ్ వెళ్లి ఆ పాత ప్రతిని తన ప్రతులతో పోల్చి చూసుకుని మరీ వెళ్లాడు. 1762 మార్చి 15న 180 రాతప్రతులను పారిస్‌లోని రాజగ్రంథాలయానికి అప్పజెప్పాడు. అమ్ముకుంటే జీవితాంతం కూర్చుని తినొచ్చు. ఇంట్లో దాచుకుంటే ఆ చదువు మీద గుత్తాధిపత్యం. రెండూ చేయలేదు.

1771లో 'జెంద్ అవెస్తా' మూడు సంపుటాలుగా అచ్చయింది. యూరప్ చేతులెత్తి దండం పెట్టి ఉంటుందనుకుంటారు. జరిగింది వేరు.

ఇంగ్లండులో పాతికేళ్ల విలియం జోన్స్ పేరు పెట్టకుండా ఫ్రెంచిలో ఒక కరపత్రం అచ్చువేసి ఆంక్తీల్‌ను చీల్చి చెండాడాడు. తర్వాత కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ పెట్టి మనకు ఆరాధ్యుడైన ఆ జోన్సే. కోపానికి ఒక కారణం, ఆంక్తీల్ తన ముందుమాటలో ఆక్స్‌ఫర్డ్ పండితులను వెక్కిరించడం. దాన్ని పక్కన పెట్టండి. వాదం ఏమిటో చూడండి. జరతుష్ట్రుడు ప్రాచీన ప్రపంచంలో మహాజ్ఞానిగా పేరుపడ్డవాడు. ఈ పుస్తకం నిండా శౌచం, మైల, శవాన్ని ముట్టుకుంటే ఏం చేయాలి, కుక్కను కొడితే ఏం శిక్ష, ఇదీ గోల. అంత జ్ఞాని ఇంత చాదస్తం రాయడు. కనుక ఇది ఆయన కాలపుదే కాదు, ఎవరో మోసగించి అంటగట్టారు. వాదమంతా ఇంతే.

ఫ్రాన్సులో వోల్టేర్ కూడా ఈ పుస్తకాన్ని ఎద్దేవా చేశాడు. వోల్టేర్ మనవాడు. ఆయన బొమ్మ లేని హేతువాద గ్రంథాలయం నేను చూడలేదు. చర్చిని ఎండగట్టడానికి, క్రైస్తవం కంటే పాతదీ నిర్మలమైనదీ అయిన మతం ఒకటి తూర్పున ఉందని చూపించాలని ఆయన ఆశ. జరతుష్ట్రుడు అందుకు పనికొస్తాడనుకుంటే, అసలు పుస్తకం వచ్చేసరికి చర్చి కర్మకాండను తలదన్నే కర్మకాండ బయటపడింది. చిరాకు పడ్డాడు.

అదే వోల్టేర్ మరో పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్న సంగతి మనవాళ్లు ఎక్కువగా చెప్పుకోరు. 1760లో ఇండియా నుంచి వచ్చిన ఒకాయన 'ఎజూర్ వేదం' అనే ఫ్రెంచి రాతప్రతి ఇచ్చాడు. అందులో విగ్రహారాధన ఖండన ఉంది, ఒకే దేవుడి మాట ఉంది, చక్కటి సంవాదం ఉంది. వోల్టేర్ మురిసిపోయి ఇది అలెగ్జాండర్ కంటే పాత గ్రంథమని చాటుతూ, 1761లో రాజగ్రంథాలయంలో దాఖలు చేశాడు. అది వేదమూ కాదు, మరొకటీ కాదు. హిందువులను క్రైస్తవం వైపు తిప్పడానికి జెసూయిట్ మిషనరీలు రాసుకున్న రచన. 1782లో సోనరా అనే యాత్రికుడు గుట్టు విప్పాడు. ఆ తర్వాత పుదుచ్చేరి మిషన్‌లోనే దాని రాతప్రతులు చూసి వివరంగా పరీక్షించినవాడు ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్. ఆయన వ్యాసం 1822లో అచ్చయింది. తెలుగు సంస్కృతజన్యం కాదని, అది వేరే కుటుంబమని 1816లో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి జోడించిన రచనలో నిరూపించిన ఎల్లిస్ ఈయనే.

అంటే ఒకే గ్రంథాలయంలో, ఏడాది తేడాలో, రెండు దాఖలాలు. 1761లో వోల్టేర్ ఇచ్చింది దొంగ వేదం, 1762లో ఆంక్తీల్ ఇచ్చింది అసలు అవెస్తా. హేతువాది దొంగదాన్ని అసలన్నాడు, అసలుదాన్ని చూసి పెదవి విరిచాడు. మొదటిదాంట్లో తనకు కావలసిన మాటలున్నాయి, రెండోదాంట్లో లేవు. కారణం అంతే.

సర్వీసులో ఉండగా కొండ ప్రాంతపు యూనిట్ ఒకదాన్నుంచి కంచరగాడిదలకు బెల్లం కొన్నట్టు బిల్లు వచ్చింది. సెక్షన్ అంతా ఒకటే నవ్వు. గాడిదలకు బెల్లమేమిటి, కొట్టి పారెయ్యండి అన్నారు. తీరా చూస్తే రేషన్ స్కేలులో ఉంది, రసీదులు ఉన్నాయి, స్టోర్ పుస్తకంలో ఎక్కింది. అదే నెలలో ఒక కాంట్రాక్టరు నుంచి ముత్యాల్లా టైపు చేసిన బిల్లు వచ్చింది. ఒక్క అక్షరం తప్పు లేదు, కూడిక తప్పు లేదు. సరుకు మాత్రం దిగలేదు. ఓచరు అసలుదా కాదా అన్నది ఒక ప్రశ్న. ఆ ఖర్చు తెలివైనదా కాదా అన్నది వేరే ప్రశ్న. రెండోదాని జవాబు చూసి మొదటిదానికి టిక్కు పెట్టేవాడు మా ఆఫీసులో ఆడిటర్‌గా పనికిరాడు.

మన సభల్లో కూడా ఈ గందరగోళం ఇప్పటికీ చూస్తుంటాను. ఫలానా స్మృతిలో ఘోరమైన శ్లోకం ఉంటే 'ప్రక్షిప్తం' అని భక్తులు తప్పుకుంటారు. నాస్తికంగా వినిపించే శ్లోకం ఎవరో పంపిస్తే, అది ఏ గ్రంథంలో ఎన్నో అధ్యాయంలోదో చూడకుండా మనవాళ్లు కరపత్రంలో వేసేస్తారు.

జోన్స్ సంగతి ముగించాలి. 1783లో ఆయన కలకత్తా వచ్చాడు, సంస్కృతం నేర్చుకున్నాడు. 1789లో పారసీకుల మీద ఉపన్యాసమిస్తూ, ఆంక్తీల్ పుస్తకంలోని జెంద్ పదాల పట్టిక తిరగేస్తే పదింట ఆరో ఏడో శుద్ధ సంస్కృత పదాలే కనిపించి తను ఆశ్చర్యపోయానని చెప్పాడు. పద్దెనిమిదేళ్ల కిందట తను చెత్త అన్న పుస్తకంలోని పట్టికే అది.

ఆంక్తీల్ మాత్రం కరపత్రాలకు జవాబులు రాసుకుంటూ కూర్చోలేదు. 1778లో 'తూర్పు దేశాల శాసనం' అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం వేశాడు. ఆసియాలో చట్టం లేదు, సొంత ఆస్తి లేదు, రాజు ఇష్టమే శాసనం అని మాంటెస్క్యూ లాంటి పెద్దలు తీర్మానించిన రోజులవి. ఆంక్తీల్ తుర్కీ, పర్షియా, హిందూస్తాన్‌ల క్రయపత్రాలు, ఒప్పందాలు, ఫర్మానాలు వరసగా పెట్టి, ఆస్తి లేనిచోట ఈ అమ్మకాలు ఎలా జరిగాయి అని అడిగాడు. ఆసియా భూమంతా రాజుదే అన్న సిద్ధాంతం వల్ల లాభం ఎవరికి అంటే, ఆ రాజు స్థానంలోకి వచ్చే కంపెనీకి అని ఆయనకు తెలుసు. నన్నడిగితే ఆయన పుస్తకాలన్నిటిలో ఇదే పదునైనది. దీన్ని చదివినవాళ్లు మాత్రం తక్కువ.

ఇక ఉపనిషత్తులు. 1775లో, అవధ్ నవాబు షుజా ఉద్దౌలా కొలువులో ఉన్న ఫ్రెంచి అధికారి జంతీల్ పంపిన పర్షియన్ రాతప్రతి ఆయనకు చేరింది. పేరు 'సిర్రె అక్బర్', మహారహస్యం. 1657లో షాజహాన్ పెద్దకొడుకు దారా షికో కాశీ పండితులనూ సన్యాసులనూ ఢిల్లీకి పిలిపించి చేయించిన అనువాదం. యాభై ఉపనిషత్తులు. ఖురానులో ప్రస్తావించిన గుప్తగ్రంథం ఇదేనని దారా నమ్మకం. అందుకే బ్రహ్మ జిబ్రయీల్ అయ్యాడు, విష్ణువు మీకాయీల్ అయ్యాడు, మహేశ్వరుడు ఇస్రాఫీల్ అయ్యాడు. శంకరుడి భాష్యంలోని మాటలు కూడా మూలంలో కలిసిపోయాయి. రెండేళ్లకే ఔరంగజేబు దారాను చంపించాడు.

ఆంక్తీల్ మొదట దీన్ని ఫ్రెంచిలోకి మార్చి 1787లో పూర్తిచేశాడు. తృప్తి కలగలేదు, పక్కన పడేశాడు. మళ్లీ లాటిన్‌లోకి, పదానికి పదం, పర్షియన్ వాక్యం నడిచినట్టే నడిపిస్తూ మొదలుపెట్టాడు. లాటిన్‌లో లేని వ్యాకరణ సౌకర్యం కోసం మధ్యమధ్య గ్రీకు ముక్కలు గుచ్చాడు. 'ఉపనిషత్' పర్షియన్ నోట్లో నలిగి 'ఊప్నేఖత్' అయింది, ఆ పేరే పుస్తకానికి పెట్టాడు. 'ఉద్గీథ' కాస్తా 'అద్‌కిత్' అయింది. ఇటు లాటిన్ పండితుడికీ కొరుకుడు పడదు, అటు మన వేదపండితుడికీ ఆనవాలు దొరకదు. అయినా ఒక్క పర్షియన్ పదాన్నీ తన ఊహతో నున్నగా చెక్కలేదు.

ఈలోగా బయట విప్లవం నడుస్తోంది. రాజు తల తెగింది, పింఛన్లు ఆగిపోయాయి. రాజభక్తుడూ, దైవభక్తుడూ అయిన ఆంక్తీల్ గదిలోంచి కదలకుండా లాటిన్ పని చేసుకున్నాడు. 1801, 1802లో స్ట్రాస్‌బర్గ్ నుంచి రెండు సంపుటాలూ వెలువడ్డాయి. అందులో భారతదేశపు జ్ఞానులను ఉద్దేశించి ఒక అంకితం ఉంది. తన బతుకు ఎలా గడుస్తోందో అందులో వాళ్లకు విన్నవించాడు. రొట్టె, కాస్త జున్ను, బావినీళ్లు. రోజు ఖర్చు మీ రూపాయిలో పన్నెండో వంతు. చలికాలంలోనూ నిప్పు లేదు, పరుపు లేదు, బట్టలు మార్చడం ఉతకడం లేదు. పెళ్లాం బిడ్డలు, నౌకర్లు లేరు. జీతం, ఉద్యోగం లేవు.

డెబ్బై ఏళ్ల ఫ్రెంచి ముసలాయన తన తిండి ఖర్చును మన నాణెంలోకి మార్చి మనవాళ్లకు లెక్క చెప్పుకున్నాడు. పాత లెక్కలో రూపాయికి 192 దమ్మిడీలు. పన్నెండో వంతంటే 16 దమ్మిడీలు, అంటే సరిగ్గా అణా, కానీ, దమ్మిడీ. ఆ అంకితం చదవాల్సిన కాశీ పండితులకు లాటిన్ రాదు, ఆ పుస్తకం వాళ్లదాకా వచ్చిందీ లేదు.

1804లో నెపోలియన్ చక్రవర్తి కాగానే విద్వత్సంస్థల సభ్యులంతా ప్రమాణం చేయాలన్నారు. చట్టానికి లోబడి ఉంటాను, అంతవరకే, ప్రమాణం మాత్రం దేవుడికి తప్ప మనిషికి చేయను అని రాసిచ్చి సభ్యత్వం వదులుకున్నాడు. దేవుడి పేరు చెప్పి మరీ రాజ్యాన్ని కాదన్న మనిషి. ఆ దేవుడు లేడని నా నమ్మకం. ఆ ఉత్తరం మీద సంతకానికి మాత్రం నేను టోపీ తీస్తాను. 1805 జనవరి 17న పోయాడు.

తొమ్మిదేళ్లకు ఆ లాటిన్ పుస్తకం షోపెన్‌హావర్ చేతిలో పడింది. ఆయన సృష్టికర్తను ఒప్పుకోని మనిషి. దారాకు ఖురాను రహస్యం కనిపించిన చోట ఆయనకు తన సొంత తత్వం కనిపించింది. తర్వాత సంస్కృతం నుంచి సూటిగా వచ్చిన అనువాదాలున్నా వాటిని తీసిపారేసి ఈ లాటిన్‌నే పట్టుకున్నాడు. పెంపుడు కుక్కకు ఆత్మ అని పేరు పెట్టుకున్నాడు. ఉపన్యాసకులు చెప్పే ఊరట, సంస్కృతం పర్షియన్‌గా మారి, పర్షియన్ లాటిన్‌గా మారి, మూడో చేతి మీదుగా అందిన ఊరట. అది చిన్నదని నేననను. ఛాగలేయం, బాష్కలమంత్రం లాంటి కొన్ని ఉపనిషత్తులు చాలాకాలం పండితలోకానికి ఈ దారిలోనే తెలుసు. సంస్కృత మూలం అడయారు గ్రంథాలయంలో దొరికాక పోల్చుకోగలిగారు.

అవెస్తా తగాదా తేలడానికి ఇంకా సమయం పట్టింది. డెన్మార్క్ పండితుడు రాస్క్ స్వయంగా బొంబాయి వచ్చి ప్రతులు సేకరించి, ఆ భాష ప్రాచీనమే, కల్పన కాదు అని 1826లో నిరూపించాడు. 1833లో పారిస్‌లో బుర్నూఫ్ యస్న మీద వ్యాఖ్య అచ్చువేసి అవెస్తా వ్యాకరణానికి గట్టి పునాది వేశాడు. పుస్తకం అసలుదే. అనువాదం నిండా తప్పులు. దారాబ్‌కు సంప్రదాయంగా వచ్చిన అర్థమే తప్ప భాష తెలియదు, ఆంక్తీల్ ఆయన చెప్పిందే రాసుకున్నాడు. బుర్నూఫ్ ఆ తప్పులు పట్టుకున్నది నెర్యోసంఘుడనే పాతకాలపు పార్సీ పండితుడు చేసిన యస్న సంస్కృతానువాదం ఆధారంగా. గ్రంథాలయంలో ఆయనకు దొరికిన ఆ ప్రతిని సూరత్ నుంచి మోసుకొచ్చి అక్కడ పెట్టినవాడు ఆంక్తీలే.